నాలుగైదు గెలాక్సీల గుంపును తూచడం ఎలా? డార్క్ మ్యాటర్ లెక్కలో అసలు చిక్కు ఎక్కడుంది?

అమలాపురంలో బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒకబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "వందలు, వేల గెలాక్సీలున్న పెద్ద క్లస్టర్లు ఉండగా, నాలుగైదు గెలాక్సీల చిన్న గుంపుల్లో డార్క్ మ్యాటర్ కోసం ఎందుకు వెతుకుతారు మాస్టారూ? నాలుగింటి వేగాలు చూసి గుంపు మొత్తం బరువు చెప్పేస్తే ఎంతవరకు నమ్మొచ్చు? మన కోనసీమ నుంచి ఇలాంటి గుంపు ఏదైనా కనిపిస్తుందా?"

డార్క్ మ్యాటర్ అంటే వెలుగు ఇవ్వకుండా, గురుత్వాకర్షణ ద్వారా మాత్రమే తన ఉనికి తెలిపే పదార్థం. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిదాని జవాబు అందులోనే ఉంది. నాలుగు గెలాక్సీల వేగాలతో కట్టిన బరువును ఒంటరిగా నమ్మకూడదు. అది తెలిసే శాస్త్రవేత్తలు ఇంకో సాక్ష్యం కోసం వెతికారు, ఎక్స్-రేల్లో దొరికింది. దొరికాక తేలిందేమిటంటే, చిన్న గుంపుల్లో డార్క్ మ్యాటర్ ఉందని చూపించడం అంత కష్టం కాదు. మామూలు పదార్థం ఎంతుందో, ఎక్కడిదాకా ఉందో తేల్చడమే కష్టం. యూట్యూబ్‌లో "శాస్త్రవేత్తలకే షాక్" అని వచ్చే వీడియోల్లో ఈ సంగతి ఉండదు. నేను గుంపుల ఎక్స్-రే డేటా మీద కొంతకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపే ఆగుతాను, ఓపిక పట్టండి.

1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే ఖగోళ శాస్త్రవేత్త కోమా క్లస్టర్‌లోని గెలాక్సీల వేగాలు చూశాడు. అవి సెకనుకు వెయ్యి కిలోమీటర్ల స్థాయిలో అటూ ఇటూ పరిగెడుతున్నాయి. కనిపించే నక్షత్రాల గురుత్వాకర్షణ మాత్రమే ఉంటే ఆ క్లస్టర్ ఎప్పుడో చెదిరిపోయి ఉండాలి. కావలసిన ద్రవ్యరాశి, కనిపించేదానికి 400 రెట్లని ఆయన లెక్క తేలింది. ఆ 400 ఇప్పుడు నిలవదు. అప్పట్లో హబుల్ స్థిరాంకాన్ని (విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే అంకె, గెలాక్సీల దూరాలు కట్టేది దీనితోనే) 558గా తీసుకునేవారు, ఇప్పుడది 70 దగ్గర ఉంది. ఆ ఒక్క సవరణతోనే 400 కాస్తా 50 ప్రాంతానికి దిగుతుంది. తరువాత 1970 డిసెంబరులో ఎగిరిన ఉహురు అనే ఉపగ్రహం క్లస్టర్ల నిండా కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉందని చూపించింది. ఆ వాయువు బరువు నక్షత్రాలన్నింటి బరువు కంటే ఎక్కువ. అంటే జ్వికీ 'కనబడటం లేదు' అన్నదాంట్లో ఒక భాగం మామూలు పదార్థమే, కాకపోతే కంటికి కనిపించే వెలుగు ఇవ్వదు. ఇవన్నీ తీసేశాక కూడా మిగిలేదే అసలైన డార్క్ మ్యాటర్. విశ్వం మొత్తం మీద అది మామూలు పదార్థానికి సుమారు ఐదు రెట్లు ఉందని ప్లాంక్ ఉపగ్రహం కొలతలు చెబుతాయి. ఈ ఐదు రెట్ల సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

మరి పెద్ద క్లస్టర్లలో ఇంత చక్కగా తేలిపోతుంటే చిన్నవాటితో పనేమిటి? విశ్వంలో గెలాక్సీలు ఎక్కువగా ఉండేది క్లస్టర్లలో కాదు, చిన్న గుంపుల్లోనే. కోమా లాంటివి అరుదు. మన పాలపుంత కూడా ఆండ్రోమెడా, ఎం33, ఇంకా కొన్ని పదుల మరుగుజ్జు గెలాక్సీలతో కలిసి ఒక గుంపులోనే ఉంది. దాన్ని స్థానిక గుంపు అంటారు. డార్క్ మ్యాటర్ విశ్వమంతా ఉంటే, ఈ మధ్యతరగతి స్థాయిలో కూడా అదే లెక్క కుదరాలి. విడి గెలాక్సీల్లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970 నుంచి చూపిస్తూ వచ్చారు: గెలాక్సీ అంచుల్లో తిరిగే నక్షత్రాల వేగం అనుకున్నట్టు తగ్గకుండా దాదాపు అలాగే నిలబడుతుందని. క్లస్టర్లలో జ్వికీ చూపించాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్నవే గుంపులు.

మన సొంత గుంపుతోనే 1959లో కాన్, వోల్త్యేర్ ఒక మంచి లెక్క చేశారు. ఇది బీఎస్సీ మొదటి సంవత్సరం మెకానిక్స్‌తో అర్థమవుతుంది. ఆండ్రోమెడా మనకు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి అది దూరంగా పోతూ ఉండాలి. కానీ సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో పాలపుంత వైపే వస్తోంది. మొదట్లో రెండూ విడిపోతూ బయలుదేరి, పరస్పర ఆకర్షణ వల్ల ఆగి, వెనక్కి తిరిగి, విశ్వం వయసు దాటకుండా ఇంత దగ్గరికి రావాలంటే రెండింటి మొత్తం బరువు ఎంత ఉండాలి? వాళ్లకు వచ్చిన కనీస జవాబు 1.8 లక్షల కోట్ల సూర్యులు. రెండు గెలాక్సీల నక్షత్రాలన్నీ కలిపినా అందులో పదో వంతు కాస్త అటూ ఇటూ. ఈ పద్ధతిలో గుంపు సభ్యులు ఎవరు, గుంపు అంచు ఎక్కడ అన్న తగాదా లేదు. రెండు గెలాక్సీలు, ఒక దూరం, ఒక వేగం, ఒక వయసు, అంతే. మిగతాది వేడి వాయువు అయి ఉంటుందని వాళ్లు ఊహించారు. ఆ ఊహ పూర్తిగా నిలవలేదు గానీ, 'లోటు అంటే వెంటనే వింత పదార్థం అనుకోకుండా ముందు వాయువు లెక్క చూడు' అన్న పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

(పక్క మాట. పాలపుంత, ఆండ్రోమెడా ఢీకొనడం ఖాయమని పదేళ్లకు పైగా అందరూ రాస్తూ వచ్చారు. 2025లో వచ్చిన కొత్త లెక్కల ప్రకారం, పెద్ద మెగెల్లానిక్ మేఘం (పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ), ఎం33ల లాగుడు కూడా కలిపి చూస్తే, రాబోయే వెయ్యి కోట్ల ఏళ్లలో అది జరిగే అవకాశం సగానికి సగమే.)

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, నాలుగైదు గెలాక్సీల వేగాలతో బరువు. సూత్రం తేలిక. గెలాక్సీల వేగాలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో కట్టి, దాన్ని వర్గం చేసి, గుంపు వ్యాసార్ధంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించాలి. మనకు తెలిసేది మన చూపు వెంట ఉన్న వేగం మాత్రమే, అడ్డంగా ఉన్నది తెలియదు కాబట్టి మూడుతో హెచ్చవేయాలి. వేగాల చెదురు సెకనుకు 250 కిలోమీటర్లు, వ్యాసార్ధం పది లక్షల కాంతి సంవత్సరాలు అనుకుంటే, జవాబు 13 లక్షల కోట్ల సూర్యులు వస్తుంది. ఐదు పెద్ద గెలాక్సీల నక్షత్రాలను ఉదారంగా లెక్కేసినా 50 వేల కోట్ల సూర్యులు దాటవు. ఇరవై అయిదు రెట్ల తేడా. చూశారా, డార్క్ మ్యాటర్ దొరికేసింది! ఇంత సుళువైతే ఈ జవాబు ఇక్కడితో ముగించేవాణ్ణి.

చిక్కు ఏమిటో ఒక నిజమైన గుంపుతో చూద్దాం. పేరు స్తెఫాన్ పంచకం. 1877లో ఎడ్వార్డ్ స్తెఫాన్ ఫ్రాన్స్‌లోని మార్సేలో దీన్ని కనిపెట్టాడు. 2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు మొదటి ఫొటోల్లో వచ్చింది, మీరు చూసే ఉంటారు. ఐదు గెలాక్సీలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు ఉంటాయి. అవి మన నుంచి దూరంగా పోయే వేగాలు (విశ్వ వ్యాకోచం వల్ల, ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ), సెకనుకు కిలోమీటర్లలో, సుమారుగా ఇవి (ఎన్‌జీసీ అనేది ఒక ఖగోళ జాబితా పేరు): ఎన్‌జీసీ 7317కి 6600, 7318ఏకి 6630, 7319కి 6750, 7318బీకి 5770, 7320కి 790.

చివరిదాన్ని చూడండి. రాత్రిపూట అంతర్వేది ఒడ్డున నిలబడితే సముద్రం మీద వేటపడవల దీపాలు ఒకే చోట గుంపుగా కనిపిస్తాయి, వాటిలో ఒకటి ఒడ్డుకు దగ్గర్లో ఉండి మిగతావి ఎంతో లోపల ఉన్నా చీకట్లో మనకు తేడా తెలియదు. 7320 ఆ దగ్గరి పడవ. అది 4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, మిగతా నాలుగూ 29 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్నాయి. 1961లో బర్బిడ్జ్ దంపతులు దీని వేగం మిగతావాటితో పొసగడం లేదని బయటపెట్టారు.

కాలిక్యులేటర్ తీసుకోండి. ఐదింటినీ కలిపితే వేగాల చెదురు 2,500 దాటుతుంది. అది కోమా క్లస్టర్‌ని మించిపోయే అంకె, అర్థం లేనిది. 7320ని తీసేసి నాలుగింటితో చేస్తే 450 వస్తుంది. ఇంకా ముందుకెళ్లి, 900 తేడాతో ఉన్న 7318బీని కూడా తీసేస్తే మిగిలిన మూడింటికీ 80 మాత్రమే. బరువు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 450కీ 80కీ మధ్య బరువులో తేడా 30 రెట్లకు పైనే. ఒక్క గెలాక్సీని ఉంచాలా తీసేయాలా అన్న నిర్ణయం మీద, గుంపు నిండా డార్క్ మ్యాటర్ ఉందా, పెద్దగా లేదా అన్నది ఆధారపడుతోంది!

పోనీ, 7318బీ ఆ గుంపుదేనా కాదా? గుంపుదే, పక్కనే ఉంది. కాకపోతే అది బయటి నుంచి ఇప్పుడే దూసుకొచ్చి, అక్కడున్న వాయువును గుద్దుకుంటోంది. ఆ గుద్దుకు పుట్టిన షాక్ తరంగం మన పాలపుంత కంటే పొడవు, ఎక్స్-రేల్లోనూ రేడియోలోనూ వెలుగుతుంది. మన సూత్రం గుంపు స్థిరపడి ఉందన్న నమ్మకం మీద నడుస్తుంది. లోపలికొస్తున్న వస్తువుకి ఆ సూత్రం వర్తించదు. అంటే ఉంచడం తప్పే, తీసేయడమూ తప్పే. కోమాలో వందల గెలాక్సీలుంటాయి కనుక ఒకటో రెండో పరాయివి కలిసినా సగటులో సర్దుకుపోతుంది. నాలుగింట్లో ఒకటి తేడా అయితే సర్దుకునే చోటే లేదు.

ఇది ఒక్క గుంపు తంటా అనుకోవద్దు. 1982లో పాల్ హిక్సన్ అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీ తీసిన ఆకాశ ఫొటోలు వెతికి, నాలుగు అంతకుమించి గెలాక్సీలు ఇరుగ్గా ఉన్న 100 గుంపుల జాబితా వేశాడు. పదేళ్ల తరువాత వాటి వేగాలన్నీ చేతికొచ్చేసరికి, కనీసం మూడు గెలాక్సీలు నిజంగా ఒకే దూరంలో ఉన్నవి 92 తేలాయి. నాలుగూ నిజమైనవి 69 మాత్రమే. ఫొటోలు చూసి చేసిన జాబితాకు అది మంచి ఫలితమనే అంటాను. కానీ ఒక్కో గుంపు బరువు విడివిడిగా చెప్పాలనుకునేవారికి ఇది నిద్రపట్టనివ్వని సంగతి.

అందుకే రెండో సాక్ష్యం, వాయువు. గెలాక్సీలు నాలుగే, వాయువులో అణువులు లెక్కలేనన్ని. గురుత్వాకర్షణ గుంతలో చిక్కుకున్న వాయువు ఎంత లోతు గుంత అయితే అంత వేడెక్కుతుంది. గుంపు స్థాయి గుంతకు ఆ వేడి సుమారు కోటి డిగ్రీలు. ఆ వేడిలో వాయువు మెత్తని ఎక్స్-రేలు ఇస్తుంది. వాయువు ఉష్ణోగ్రత, సాంద్రత లోపలి నుంచి బయటికి ఎలా మారుతున్నాయో కొలిస్తే, దాని పీడనం తెలుస్తుంది. ఆ పీడనం వాయువును బయటికి తోస్తుంటే లోపలికి పట్టి ఉంచేంత గురుత్వం కావాలి, దాన్నుంచి బరువు. ఎవరు మన గుంపు, ఎవరు దారిన పోయేవారు అన్న తగువు ఇందులో చాలావరకు పోతుంది.

భూమి వాతావరణం ఎక్స్-రేలను ఆపేస్తుంది కాబట్టి పైకి వెళ్లి చూడాలి. 1990 జూన్ 1న ఎగిరిన రోసాట్ ఆ పని చేసింది. జర్మనీ, అమెరికా, బ్రిటన్ కలిసి కట్టిన ఉపగ్రహం, ఎక్స్-రేలు కనిపెట్టిన రాంట్‌గెన్ పేరు పెట్టారు. 1993లో మల్చే, డేవిస్, ముషోట్స్కీ, బర్స్టీన్ అనే నలుగురు రోసాట్ డేటాతో ఎన్‌జీసీ 2300 గుంపు చుట్టూ ఈ వేడి వాయువు మేఘాన్ని ప్రకటించారు. దూరం 15 కోట్ల కాంతి సంవత్సరాలు, మేఘం వెడల్పు 13 లక్షల కాంతి సంవత్సరాలు, వేడి కోటి డిగ్రీల ప్రాంతం. వాయువు బరువు సుమారు 50 వేల కోట్ల సూర్యులు. దాన్ని పట్టి ఉంచడానికి కావలసిన మొత్తం బరువు 20 నుంచి 30 లక్షల కోట్ల సూర్యులు. అంత చిన్న గుంపులో అంత వాయువు ఉంటుందని అప్పటిదాకా ఎవరూ చూపించలేదు. అదే ఏడాది పాన్‌మన్, బెర్ట్రమ్ హిక్సన్ జాబితాలోని 62వ గుంపులో కూడా ఇలాంటిదే చూపించారు.

ఈ ఎన్‌జీసీ 2300 ఆకాశంలో ఉత్తర ధ్రువానికి నాలుగు డిగ్రీల దూరంలోనే ఉంటుంది. మన డెల్టాలో ధ్రువనక్షత్రమే పదహారు పదిహేడు డిగ్రీల ఎత్తుకు మించదు. ఏ ఊరి నుంచి చూసినా ఉత్తరాన కొబ్బరి తోటల తలలే అడ్డం. కాబట్టి ఆ గుంపును చూడాలన్న ఆశ పెట్టుకోకండి. దాన్ని చూసిన రోసాట్ మాత్రం మన దగ్గరికే వచ్చింది. పని 1999లో ముగిసింది. 2011 అక్టోబరు 23, ఆదివారం పొద్దున్నే, దీపావళికి మూడు రోజుల ముందు, అది వాతావరణంలోకి దిగిపోయింది. అది మన బంగాళాఖాతం పైనే.

సరే, 1993 ఫలితంలో మీరు గమనించాల్సింది ఒకటుంది. మామూలు పదార్థం మొత్తం బరువులో నాలుగు శాతమే అని ఆ పత్రంలో వచ్చింది. అంటే డార్క్ మ్యాటర్ ఇరవై రెట్లకు పైన! పైన గుర్తుంచుకోమన్న ఐదు రెట్ల లెక్క ప్రకారం అది పదహారు శాతం దగ్గర ఉండాలి. పత్రికలు అప్పట్లో "చిన్న గుంపులో భారీ డార్క్ మ్యాటర్" అని రాసింది ఈ అంకె చూసే. ఆ తరువాత అదే డేటాను తిరగేసినవారికి మామూలు పదార్థం వాటా అంతకంటే ఎక్కువే వచ్చింది. ఎందుకంటే, వాయువు మేఘం ఒక గీత గీసినట్టు ఎక్కడా ఆగదు. బయటికి పోయేకొద్దీ పలచబడి, ఆకాశం అంతటా ఉండే ఎక్స్-రే వెలుగులో కలిసిపోతుంది. ఆ నేపథ్యపు వెలుగులో మన పాలపుంతలోని వేడి వాయువు వాటా కూడా ఉంటుంది, పైగా అది ఇదే శక్తి దగ్గర వెలుగుతుంది. నేపథ్యాన్ని కాస్త ఎక్కువ తీసేస్తే మేఘం చిన్నదైపోతుంది, తక్కువ తీసేస్తే లేని వాయువు పుట్టుకొస్తుంది. డార్క్ మ్యాటర్ మీద మనకున్న అనుమానం అంతా నిజానికి ఈ తీసివేత మీద అనుమానం. ఎక్స్-రే డేటాతో కుస్తీ పట్టినవాళ్లెవరిని అడిగినా ఇదే చెబుతారు: ఎక్కువ సమయం పోయేది గుంపు మీద కాదు, గుంపు పక్కనున్న ఖాళీ ఆకాశం మీద.

అలాగని గుంపుల్లో వాయువు పూర్తిగా పదహారు శాతం లెక్కకు సరిపోతుందనీ కాదు. 1999లో వచ్చిన ఎక్స్-రే ఉపగ్రహం చంద్ర (మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే), అదే ఏడాది వచ్చిన ఎక్స్‌ఎంఎం-న్యూటన్ మెరుగ్గా కొలిచాక ఒక పద్ధతి కనిపించింది. పెద్ద క్లస్టర్లలో వాయువు వాటా విశ్వం సగటుకు దగ్గరగా ఉంటుంది, గుంపుల్లో తగ్గుతుంది. కారణం, గుంపు మధ్యనున్న పెద్ద గెలాక్సీలోని కృష్ణబిలం. అది అప్పుడప్పుడూ జెట్‌లు చిమ్మి చుట్టూ వాయువును వేడి చేస్తుంది, తోసేస్తుంది. ఎన్‌జీసీ 5813 అనే గుంపులో చంద్ర ఫొటోలు చూడండి, వాయువులో మూడు జతల బుడగలు, ఒకదాని వెనక ఒకటి, మూడు సార్లు పేలినట్టు. పెద్ద క్లస్టర్‌లో గురుత్వం బలంగా ఉంటుంది కాబట్టి ఇలాంటి తోపుకు వాయువు మొత్తంగా చెదరదు. గుంపులో గుంత లోతు తక్కువ, వాయువు అంచుల బయటికి జారిపోతుంది. జారిపోయింది మాయమవ్వలేదు, పలచగా అక్కడెక్కడో ఉంది. అది మామూలు పదార్థమే. దాన్ని లెక్కలో వేయకపోతే ఆ లోటు కూడా డార్క్ మ్యాటర్ ఖాతాలో పడిపోతుంది.

నా అభిప్రాయంలో చిన్న గుంపుల అసలు విలువ ఇక్కడే ఉంది. డార్క్ మ్యాటర్ ఉందా లేదా అన్నది తేల్చడానికి క్లస్టర్లు, గెలాక్సీ అంచులు, ఆదిమ విశ్వపు మైక్రోవేవ్ వెలుగు చాలు. మామూలు పదార్థం డార్క్ మ్యాటర్ గుంతలో కూర్చుని ఎలా ప్రవర్తిస్తుందో, ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు తప్పించుకుంటుందో చూడాలంటే గుంపులే సరైన చోటు.

ఇరుకు గుంపుల గురించి ఇంకో పాత చిక్కు కూడా ఉంది. హిక్సన్ గుంపుల్లో గెలాక్సీలు ఒకదాన్నొకటి దాటడానికి పట్టే కాలం 20 కోట్ల ఏళ్ల ప్రాంతం. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. ప్రతి దాటుడుకీ డార్క్ మ్యాటర్ లాగుడు వల్ల వేగం తగ్గి, అవి త్వరత్వరగా కలిసిపోయి ఒకే గెలాక్సీ అయిపోవాలి. మరి ఇన్ని గుంపులు ఇంకా ఎందుకున్నాయి? డార్క్ మ్యాటర్ ఒక్కో గెలాక్సీకి విడిగా అంటిపెట్టుకుని ఉంటే కలయిక త్వరగా జరుగుతుంది, గుంపంతటికీ ఉమ్మడిగా పరుచుకుని ఉంటే నెమ్మదిస్తుందని కంప్యూటర్ లెక్కల్లో తేలింది. అంటే గుంపులు బతికి ఉండటమే డార్క్ మ్యాటర్ ఎక్కడ పరుచుకుందో కొంత చెబుతోంది. కొత్తగా కొన్ని గెలాక్సీలు వచ్చి చేరుతూ ఉండటం మరో కారణం, 7318బీ లాగా. పూర్తిగా కలిసిపోయినవీ దొరికాయి. 1994లో పాన్‌మన్ బృందం ఒంటరి పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీ చుట్టూ గుంపుకి తగినంత ఎక్స్-రే మేఘాన్ని చూపించింది. గెలాక్సీలు కలిసిపోయాయి, మేఘం, దాన్ని పట్టి ఉంచిన గుంత అలాగే ఉన్నాయి. వీటిని శిలాజ గుంపులంటున్నారు.

డార్క్ మ్యాటర్ అవసరం లేకుండా గురుత్వ సూత్రాన్నే మార్చాలనే మాండ్ వాదం గురించి కూడా ఎవరైనా అడుగుతారు కాబట్టి ఒక మాట. 1983లో మిల్‌గ్రోమ్ ప్రతిపాదించాడు. విడి గెలాక్సీల వేగాలకు అది బాగానే కుదురుతుంది, పెద్ద క్లస్టర్లలో లోటు మిగిలిపోతుంది. గుంపుల్లో కుదిరిందని ఆయన రాశాడు. కానీ పైన చూసినట్టు గుంపు బరువులోనే ఇంత ఊగిసలాట ఉన్నప్పుడు ఏ వాదానికైనా అక్కడ కుదరడం పెద్ద పరీక్షేమీ కాదు. 2018లో ఎన్‌జీసీ 1052 గుంపు దగ్గర డార్క్ మ్యాటర్ దాదాపు లేని గెలాక్సీ దొరికిందన్నారు, దాని దూరం మీద చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. ఇక భూమి మీద డార్క్ మ్యాటర్ కణాన్ని పట్టే ప్రయత్నాలు వేరే కథ. అమెరికాలో కిలోమీటరున్నర లోతున 10 టన్నుల ద్రవ జీనాన్‌తో ఎల్‌జెడ్ ప్రయోగం, మన దేశంలో ఝార్ఖండ్ జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఒక ప్రయోగశాల ఉన్నాయి. కణం ఇంకా దొరకలేదు.

ఇక మీ మూడో ప్రశ్న. కోనసీమ నుంచి గుంపు కనిపిస్తుంది, అందులోనూ చక్కటి చోట. పుబ్బ నక్షత్రం అంటే మీ ఇంట్లో పెద్దవాళ్లకు కార్తె గుర్తొస్తుంది, సూర్యుడు అక్కడుండే ఆగస్టు చివర, సెప్టెంబరులో. మీకు కావలసింది దానికి ఎదురు రుతువు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రి పుబ్బ పైన ఉంటుంది. సింహరాశిలో పుబ్బ అంటే రెండు నక్షత్రాలు. వాటిలో దక్షిణాన ఉన్నదానికి కొద్దిగా కిందుగా, తూర్పుకు జరిగి రెండున్నర డిగ్రీల దూరంలో ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628 ఉన్నాయి. సింహరాశి త్రయం అంటారు, దూరం సుమారు 3.5 కోట్ల కాంతి సంవత్సరాలు. మన అక్షాంశానికి అవి దాదాపు నడినెత్తిన దాటుతాయి, కొబ్బరిచెట్ల బాధ లేదు. ఆరంగుళాల టెలిస్కోపులో మొదటి రెండూ మసక మచ్చలుగా తెలుస్తాయి, మూడోది నల్లటి రాత్రి అయితేనే. ఫొటోల్లో లాగా రంగులు ఉంటాయని అనుకుని వెళ్తే నిరుత్సాహపడతారు. 3628 నుంచి సుమారు 3 లక్షల కాంతి సంవత్సరాల పొడవున నక్షత్రాల తోక ఒకటి బయటికి చిమ్మి ఉంది, గెలాక్సీలు ఒకదాన్నొకటి లాక్కున్న గుర్తు. అది మీ టెలిస్కోపుకు అందదు, గంటలకొద్దీ ఎక్స్‌పోజర్ కావాలి.

చోటు విషయంలో జాగ్రత్త. భీమవరం వైపు రొయ్యల చెరువుల దీపాలు, ఊళ్లకు దగ్గర్లో గ్యాస్ మంటల వెలుగు ఆకాశాన్ని పాడుచేస్తాయి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి తీరాల్లో సముద్రం వైపు చీకటి దొరుకుతుంది, కానీ ఉత్తరం భూమి వైపే కాబట్టి అటు వెలుతురే. అందుకే సప్తర్షి మండలం దగ్గరి ఎం81, ఎం82 జంట మనకు 37 డిగ్రీల ఎత్తుకు వచ్చినా, మీ మొదటి ప్రయత్నానికి వాటికంటే సింహరాశినే సిఫారసు చేస్తాను. జనవరి తెల్లవారుజాముల్లో పొగమంచు, మిగతా రోజుల్లో తేమ, అద్దం మీద నీరు చేరుతుంది. లెన్సుకు అట్టతో పొడవాటి తొడుగు చేసుకోండి, తుడవకండి. ఆండ్రోమెడా అయితే టెలిస్కోపు అక్కర్లేదు. నవంబరు రాత్రుల్లో పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర కట్టే పెద్ద చతురస్రం ఈశాన్యపు మూల నుంచి ఉత్తరంగా వెతికితే, తుపాను మబ్బులు లేని రోజున, కంటికే చిన్న మసకలా దొరుకుతుంది. సొంత గుంపు లెక్కలో సగం బరువు అదే.

టెలిస్కోపు లేకపోయినా పర్లేదు. హిక్సన్ జాబితాలోని గెలాక్సీల వేగాలన్నీ నెడ్ అనే డేటాబేస్‌లో ఉచితంగా ఉన్నాయి, రోసాట్ పాత డేటా నాసా ఆర్కైవ్‌లో ఉంది. ల్యాప్‌టాప్, పైథాన్ చాలు. ముందు హిక్సన్ 92 తీసుకోండి, అది స్తెఫాన్ పంచకమే. నేను పైన సుమారుగా రాసిన వేగాల బదులు అసలు విలువలు వేసి, ఒక్కో గెలాక్సీని మార్చి మార్చి తీసేస్తూ బరువు ఎలా ఎగిరిపడుతుందో గ్రాఫ్ గీయండి. తరవాత 62వ గుంపుతో అదే చేసి, వాయువు ఉష్ణోగ్రత నుంచి వచ్చే బరువుతో పోల్చండి. రెండూ ఒక రెట్టు రెండు రెట్ల లోపల కలిస్తే లెక్క బాగానే వచ్చినట్టు. కలవకపోతే గ్రాఫు ఇక్కడ పెట్టండి, నేపథ్యం తీసివేతలో ఏం చేశారో చూసి చెబుతాను.